‘ఇన్‌ఫమస్’ అంటే ఇంకా పెద్ద పేరు అని కాదు

ప్రశ్న: నేను పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. పరిశోధన కోసం విదేశీ యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెడుతున్నాను. ఒక ప్రొఫెసర్‌గారికి మెయిల్ రాస్తూ ఆయన పేపర్‌ను ‘యువర్ ఇన్‌ఫేమస్ పేపర్’ అన్నాను. ఫేమస్ కంటే అది పెద్ద మాట అనుకున్నాను. పంపేశాక మా సీనియర్ చూసి ‘చెడ్డపేరు తెచ్చుకున్న పేపర్ అని రాశావు’ అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మళ్లీ రాయాలా, వదిలేయాలా? అసలు ఫేమస్, పాపులర్, రినౌన్డ్, ఎమినెంట్, నొటోరియస్ వీటిలో ఏది ఎక్కడ వాడాలి? స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఎందుకు చేరాలనుకుంటున్నానో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చే కాగితంలో) ‘ఐ వాంట్ టు బికమ్ ఎ ఫేమస్ రీసెర్చర్ ఇన్ ఎ రెప్యూటెడ్ యూనివర్సిటీ’ అని కూడా రాశాను. అందులోనూ తప్పుందా?

– ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు మెయిల్ సంగతి. మళ్లీ రాయండి, ఇవాళే రాయండి. రెండు మూడు వాక్యాలు చాలు. ‘నా మెయిల్‌లో ఒక మాట తప్పు పడింది, మీ పేపర్‌కు ఎంతో పేరుందని చెప్పడమే నా ఉద్దేశం’ అని చెప్పి, దాని కిందే ఆ పేపర్‌లో మిమ్మల్ని ఆలోచింపజేసిన అంశం ఒకటి రాయండి. పేజీల కొద్దీ క్షమాపణలు వద్దు. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థుల నుంచి ప్రొఫెసర్లకు మెయిళ్లు వస్తూనే ఉంటాయి. మీరు పొగడబోయి మాట తప్పారని మిగతా మెయిల్ చదివితే ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి భయపడకండి, కానీ దిద్దకుండా వదిలేయకండి.

ఇక ఈ పొరపాటు మీకు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో చూద్దాం. ‘వాల్యుబుల్’ అంటే విలువైనది, ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే ఇంకా విలువైనది. అలాంటప్పుడు ఫేమస్ ముందు ‘ఇన్’ చేరిస్తే ఇంకా ఫేమస్ అవ్వాలి కదా అనిపించడం సహజమే. కానీ ‘ఇన్‌వాల్యుబుల్’లో ఉన్న ‘ఇన్’ కూడా లేదనే చెబుతుంది. విలువ కట్టడం కుదరదు అని దాని అర్థం. మన ‘అమూల్యం’ కూడా అలాగే తయారైంది. ‘ఇన్‌ఫ్లేమబుల్’లోని ‘ఇన్’ మాత్రం వేరు. అది ‘లోపలికి’ అనే అర్థమున్న ఉపసర్గ. మంటల్లోకి పోయే గుణం ఉన్నది అని ఆ మాటకు అర్థం. ఇంగ్లిష్ వాళ్లే దాన్ని ‘అంటుకోనిది’ అని పొరబడుతున్నారని, ప్రమాదం జరుగుతుందని, హెచ్చరిక బోర్డుల మీద ‘ఫ్లేమబుల్’ అని రాయడం మొదలుపెట్టారు. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లనే తికమక పెట్టిన అక్షరాలివి.

‘ఇన్‌ఫమస్’లో ఉన్నది లేదని చెప్పే ‘ఇన్’. అయితే ‘పేరు లేని’ అని కూడా దాని అర్థం కాదు. పేరు ఉంటుంది, జనానికి బాగా తెలిసే ఉంటుంది, కానీ ఆ పేరు మచ్చపడిన పేరు. ‘అపకీర్తి’లో ‘అప’ ఏం చేస్తుందో అక్కడ ‘ఇన్’ అదే చేస్తుంది. రోమన్ల చట్టంలో ‘ఇన్‌ఫామియా’ అని ఒక స్థితి ఉండేది. కొన్ని నేరాలకు, కొన్ని నీచమైన పనులకు పాల్పడినవాళ్లు సమాజంలో పరువును, దాంతోపాటు కొన్ని హక్కులను కూడా పోగొట్టుకునేవారు. ఆ బరువు ఈ మాటకు ఈనాటికీ తగ్గలేదు.

ఉచ్చారణ కూడా గమనించండి. ఫేమస్‌లో ‘ఫే’ దీర్ఘం. ఇన్‌ఫమస్‌లో ఒత్తు ‘ఇన్’ మీద పడుతుంది, మధ్య అక్షరం తేలిపోయి ‘ఫ’ అవుతుంది. ‘ఇన్-ఫేమస్’ అని విడదీసి పలికితే ఇంటర్వ్యూలో వినేవాళ్లకు కాసేపు అర్థం కాకపోవచ్చు.

ఈ మాట బలం ఎంతో చూపించే ఒక కాగితం ఉంది. 1941 డిసెంబర్ 7న జపాన్ విమానాలు అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాయి. మర్నాడు అమెరికా కాంగ్రెస్‌లో చదవడానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన ప్రసంగాన్ని తానే చెబుతూ టైపు చేయించుకున్నారు. టైపు చేసిన మొదటి ప్రతిలో, ఈ తేదీ ‘ప్రపంచ చరిత్రలో’ నిలిచిపోతుందని ఉంది. రూజ్‌వెల్ట్ కలం తీసుకుని ‘వరల్డ్ హిస్టరీ’ అన్న రెండు మాటలు కొట్టేసి పైన ‘ఇన్‌ఫమీ’, అంటే అపకీర్తి, అని రాశారు. మొదటి వాక్యంలో తప్పేమీ లేదు, వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ అది ఏ తేదీకైనా సరిపోతుంది. యుద్ధం ముగిసిన రోజు కూడా చరిత్రలో నిలిచిపోతుంది, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజు కూడా నిలిచిపోతుంది. ‘ఇన్‌ఫమీ’ అనడంతో ఆ రోజు మీద తీర్పు పడిపోయింది. ఇది మరచిపోలేని రోజు, క్షమించలేని రోజు అని ఒక్క మాటే చెప్పేసింది. ఆ ప్రసంగంలో ఇప్పటికీ అందరూ గుర్తుపెట్టుకున్నది ఆ మాటనే. మీరు ప్రొఫెసర్‌గారి పేపర్‌కు జోడించిన మాట ఈ కుటుంబానిదే. అందుకే ఇవాళే దిద్దమంటున్నాను.

ఫేమస్ అనే మాట అలా తీర్పు చెప్పదు. చాలామందికి తెలుసు, అంతే. మోనాలిసా చిత్రం ఫేమస్, ఎవరెస్ట్ శిఖరం ఫేమస్, అల్ కపోన్ అనే గ్యాంగ్‌స్టర్ కూడా ఫేమసే. వాడుకలో మంచి పేరు వైపే కాస్త మొగ్గు ఉంటుంది కాబట్టి నేరస్థుల ముందు దాన్ని పెట్టడానికి జనం వెనకాడతారు. అయినా ఆ మాట లోపల మెచ్చుకోలు ఏమీ దాగి లేదు.

దాని పుట్టుక చూసినా ఇదే కనిపిస్తుంది. లాటిన్‌లో ‘ఫామా’ అంటే జనం చెప్పుకునే మాట. పుకారు కావచ్చు, పేరు కావచ్చు. దాని వెనక ‘మాట్లాడు’ అనే అర్థమున్న క్రియ ఉంది. మాటలు రాని పసిబిడ్డను చెప్పే ‘ఇన్‌ఫంట్’ కూడా అదే క్రియ నుంచి వచ్చింది. రోమన్లు ఫామాను ఒక దేవతగా ఊహించుకున్నారు. ఒళ్లంతా ఈకలు, ప్రతి ఈక కింద ఒక కన్ను, ఎన్ని కళ్లో అన్ని నాలుకలు, అన్ని చెవులు. నిజాన్నీ అబద్ధాన్నీ ఒకేలా మోసుకుపోయే దేవత ఆమె. లాటిన్‌లో ‘ఫామోసస్’ అంటే చాలాసార్లు చెడ్డపేరున్నవాడనే అర్థం. పరువు తీసే రాతలను ‘ఫామోసస్’ రాతలనే పిలిచేవారు. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఆ మాటకు క్రమంగా ఇప్పుడున్న మర్యాద స్థిరపడింది. మన ‘ఖ్యాతి’ కూడా చెప్పడం అనే అర్థమున్న ‘ఖ్యా’ ధాతువు నుంచి వచ్చిందే. వ్యాఖ్య, ఆఖ్యానం దాని తోబుట్టువులు. నలుగురి నోట పడితేనే పేరు అన్నది రెండు భాషలకూ తోచిన సంగతి.

నొటోరియస్ కథ ఇంకోలా నడిచింది. మొదట్లో దానికి ‘అందరికీ తెలిసిన’ అనే అర్థమే ఉండేది. దొంగ, అబద్ధాలకోరు, మోసగాడు లాంటి మాటల ముందు పదేపదే వాడటం వల్ల చెడు దానికి అంటుకుపోయింది. తెలుగులో ‘పేరుమోసిన’ పరిస్థితి కూడా దాదాపు అంతే. ‘పేరుమోసిన’ అని వినగానే తర్వాత వచ్చేది డాక్టర్ అని కాకుండా దొంగ అనో రౌడీ అనో అనుకుంటాం.

ఇన్‌ఫమస్‌కూ నొటోరియస్‌కూ తేడా ఉంది. ఇన్‌ఫమస్‌లో నైతికంగా ఖండించడం ఉంటుంది. నొటోరియస్‌లో అంత కోపం ఉండనక్కర్లేదు. ఆలస్యంగా వచ్చే స్నేహితుడు ‘నొటోరియస్ ఫర్ బీయింగ్ లేట్’ కావచ్చు, అతను మంచివాడే కావచ్చు. ఏ పాపం చేయని వస్తువులకూ ఆ మాట చెల్లుతుంది. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని గణితవేత్తలు 350 ఏళ్లకు పైగా నిరూపించలేకపోయారు. ఆండ్రూ వైల్స్ నిరూపణ 1995లో అచ్చయ్యేదాకా అది ‘నొటోరియస్‌లీ డిఫికల్ట్’ సమస్య. అక్కడ తిట్టేమీ లేదు, అది ఎంతమందిని ఏడిపించిందో చెప్పడమే ఉంది. మీ పరిశోధనలో ఎవరికీ కొరుకుడు పడని సమస్య గురించి రాయాల్సి వస్తే ఈ ప్రయోగం నిశ్చింతగా వాడుకోండి. స్నేహితుల మధ్య ఇంగ్లిష్ వాళ్లు ఇన్‌ఫమస్‌ను సరదాకి కూడా వాడతారు, ‘మా మామయ్య ఇన్‌ఫమస్ జోకులు’ అన్నట్టు. ఎదురుగా ఉండి నవ్వుతూ అంటే చెల్లుతుంది కానీ, పరిచయం లేని ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో చెల్లదు.

ఎక్కువమంది తడబడేది పాపులర్ దగ్గర. ఫేమస్ అంటే తెలియడం, పాపులర్ అంటే నచ్చడం. ఒక నియంత ప్రపంచమంతా ఫేమస్ అయ్యుండి సొంత దేశంలో పాపులర్ కాకపోవచ్చు. ఒక స్కూల్లో లెక్కల టీచర్ పిల్లలందరికీ ప్రాణం కావచ్చు, ఆ స్కూలు గేటు దాటితే ఆమె ఎవరికీ తెలియకపోవచ్చు. ఆమె పాపులర్, ఫేమస్ కాదు. అందుకే పాపులర్ తర్వాత ‘విత్’ వస్తుంది. ‘పాపులర్ విత్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థులకు ఆమె అంటే ఇష్టమని. పాపులర్‌కు ఇంకో అర్థం కూడా ఉంది, పరిశోధన రాతల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది. ‘పాపులర్ బిలీఫ్’ అంటే అందరికీ నచ్చిన నమ్మకం అని కాదు, మామూలు జనంలో ఉన్న నమ్మకం అని. ‘కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్’ అని వస్తే, జనం అనుకుంటున్నదానికి భిన్నంగా ఏదో చెప్పబోతున్నారన్నమాట.

రినౌన్డ్‌లో మెచ్చుకోలు ఉంది. దాని లోపల ఉన్నది ‘పేరు’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట. మళ్లీ మళ్లీ పేరు తలచుకునేటంతటివాడు అన్నమాట. మన ‘పేరుగాంచిన’కు అది బాగా దగ్గర. నైపుణ్యం, నాణ్యత, ఏళ్ల తరబడి చేసిన పని వీటి దగ్గర వాడితే నప్పుతుంది. చివర ‘డ్’ మాత్రం మరచిపోకండి. ‘రినౌన్’ నామవాచకం, ‘రినౌన్డ్’ విశేషణం. ‘వరల్డ్ రినౌన్ సైంటిస్ట్’ అని బ్యానర్ల మీద కూడా కనిపిస్తుంది, అది తప్పు.

ఎమినెంట్ మీకు రోజూ పనికొచ్చే మాట, అందుకని దాని దగ్గర కాసేపు ఆగుతాను. లాటిన్‌లో పైకి పొడుచుకొచ్చి కనిపించడం అనే అర్థం నుంచి వచ్చింది. ఒక రంగంలో ఉన్నవాళ్లు తమలో ఒకరిని తలెత్తి చూస్తే ఆయన ఎమినెంట్. బయటి జనానికి ఆయన పేరు తెలియకపోయినా ఆ మాటకు లోటు రాదు. రష్యన్ గణితవేత్త గ్రిగోరీ పెరెల్మన్‌ను చూడండి. దాదాపు వందేళ్లు తెగని పొయిన్‌కేర్ ప్రతిపాదనను ఆయన నిరూపించారు. 2006లో గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతిని కూడా తీసుకోలేదు. గణితం చేసినందుకు ఆయన ఎమినెంట్. ఆ గణితం ఏమిటో తెలియని కోట్లమంది ఆయన పేరు విన్నది మాత్రం డబ్బు వద్దన్నందుకు. ఆ కోణంలో ఆయన ఫేమస్. ఒకే మనిషికి రెండు మాటలూ సరిపోయినా, రెండూ చెప్పేది ఒకటి కాదు. మీ ప్రొఫెసర్‌గారి లాంటివాళ్ల గురించి మూడో మనిషికి చెప్పేటప్పుడు ఎమినెంట్, లేదా ‘డిస్టింగ్విష్డ్’ సరైన మాటలు. ఆయనకే నేరుగా రాసేటప్పుడు రెండూ వద్దు, మొహం మీదే పొగిడినట్టు ఉంటుంది. ఎమినెంట్‌ను ‘ఇమినెంట్’తో కలిపేయకండి. అది ‘త్వరలో మీద పడబోతున్న’ అనే వేరే మాట.

సెలబ్రేటెడ్ అంటే జనం బహిరంగంగా గౌరవించి కొనియాడిన మనిషి లేదా కృతి. ఇలస్ట్రియస్ సన్మాన పత్రాల్లో బాగుంటుంది. లెజెండరీ, ఐకానిక్ మాటలను ఈమధ్య ప్రతిదానికీ వాడేసి పలచబరిచారు. పరిశోధన అప్లికేషన్‌లో వాటి జోలికి పోకండి. మామూలు సందర్భాలకు ‘వెల్ నోన్’ హాయైన మాట. నామవాచకం ముందు వస్తే మధ్యలో హైఫన్ పెట్టండి, వాక్యం చివర వస్తే అక్కర్లేదు.

విశేషణం తర్వాత ఏ విభక్తి మాట వస్తుందన్నది మనవాళ్లందరికీ తలనొప్పే. ‘పాటల్లో ఫేమస్’ అని తెలుగులో అంటాం కాబట్టి ‘ఫేమస్ ఇన్ సింగింగ్’ అని రాసేస్తాం. కారణం చెప్పాలంటే ‘ఫర్’ రావాలి. ఏ హోదాలో పేరొచ్చిందో చెప్పాలంటే ‘యాజ్’ రావాలి. మేరీ క్యూరీ ‘ఫేమస్ ఫర్ డిస్కవరింగ్ రేడియం’. నోబెల్ పొందిన తొలి మహిళగా, అంటే 1903 నాటి సంగతి చెప్పేటప్పుడు, ‘ఫేమస్ యాజ్ ది ఫస్ట్ ఉమన్ టు విన్ ఎ నోబెల్’. ‘ఇన్’ చోటు కోసం, ‘ఫేమస్ ఇన్ జపాన్’ అన్నట్టు. ‘ఫేమస్ టు ఆల్’ అని ఎక్కడా రాయకండి. ‘టు’ కావాలంటే ‘నోన్ టు ఎవ్రీవన్’ అనాలి. రాసేటప్పుడు ఫేమ్ చివర ఉన్న ‘ఇ’ అక్షరం ఫేమస్‌లో పోతుంది, ఇది కూడా చాలామంది తప్పుతున్నారు.

‘ఫేమస్‌లీ’ కనిపిస్తే ఆగి చూడండి, దానికి రెండు దారులున్నాయి. 1952లో ఇజ్రాయెల్ అధ్యక్ష పదవి ఇస్తామంటే ఐన్‌స్టీన్ ‘ఫేమస్‌లీ డిక్లైన్డ్’ అని రాస్తారు. ఆయన గొప్పగా తిరస్కరించారని కాదు, తిరస్కరించిన సంగతి అందరికీ తెలిసిందేనని. ఇద్దరు మనుషులు ‘గెట్ ఆన్ ఫేమస్‌లీ’ అంటే మాత్రం వాళ్లకు బాగా పొసుగుతుందని. ఫేమస్‌కు ఒకప్పుడు ‘భేషైన’ అనే అర్థం ఉండేది, అది ఈ ప్రయోగంలో మిగిలిపోయింది. ‘ఈసారి ఏ గొడవా రాదు’ అని ఎవరైనా ధీమాగా అన్నప్పుడు పక్కవాళ్లు ‘ఫేమస్ లాస్ట్ వర్డ్స్’ అంటారు. అదుగో అన్నావు, ఇక చూడు ఏం జరుగుతుందో, అని దాని భావం.

ఇక మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వాక్యం. ‘రెప్యూటెడ్’ను మనం పేరున్న అనే అర్థంలో వాడతాం, ఉద్యోగ ప్రకటనల నిండా ‘రెప్యూటెడ్ కంపెనీ’లే. మన దేశంలో అది చెల్లిపోతుంది. బ్రిటన్, అమెరికాల్లో చదివేవాళ్లకు మాత్రం అది మొదట ‘అని జనం అంటుంటారు’ అన్నట్టు వినిపిస్తుంది. ‘రెప్యూటెడ్ ఓనర్’ అంటే యజమాని అని చెప్పుకుంటున్నారు, నిజమో కాదో తెలియదు అని. మీకు కావాల్సిన మాట ‘రెప్యూటబుల్’. అది కూడా, ఫలానా యూనివర్సిటీకే అప్లై చేస్తూ ‘పేరున్న ఒక యూనివర్సిటీలో’ అని రాయడం బాగోదు. వాళ్లకు వాళ్ల పేరు చెప్పండి, వాళ్ల ల్యాబ్ పేరు చెప్పండి.

‘ఫేమస్ రీసెర్చర్’ వ్యాకరణానికి తప్పు కాదు. అయినా తీసేయమని గట్టిగా చెబుతాను. మీ కోరిక చిన్నదని కాదు, పేరు రావాలనుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ అడ్మిషన్ కమిటీ ఆ కాగితంలో వెతికేది మీరు ఏ ప్రశ్న పట్టుకున్నారు, దాన్ని ఎలా తేల్చాలనుకుంటున్నారు అన్నది. ఫేమస్ అనే విశేషణానికి ఒక బలహీనత ఉంది. అందరికీ తెలిసినవాళ్ల ముందు పెడితే ‘ప్రసిద్ధ శాస్త్రవేత్త ఐన్‌స్టీన్’ అన్నట్టు అనవసరం అవుతుంది. ఎవరికీ తెలియనివాళ్ల ముందు పెడితే చదివేవాళ్లు నమ్మరు. అది పనికొచ్చేది మధ్యలో ఉన్నవాళ్లకు, అంటే ఒక దేశంలో తెలిసి ఇంకో దేశంలో తెలియనివాళ్లకు, పెద్దవాళ్లకు తెలిసి పిల్లలకు తెలియనివాళ్లకు. మిగతా చోట్ల ఎందుకు పేరొచ్చిందో చెబితే విశేషణం అవసరమే పడదు.

కాబట్టి ఆ వాక్యాన్ని కొట్టేసి దాని చోట మూడు సంగతులు రాయండి. మీరు తేల్చాలనుకుంటున్న ప్రశ్న ఒక వాక్యంలో, దాని మీద ఆ యూనివర్సిటీలో ఎవరు ఏం చేశారో ఒక వాక్యంలో, అందులో ఇంకా తేలకుండా మిగిలిందని మీకు అనిపించినది ఒక వాక్యంలో. రాశాక మీ సీనియర్‌కే చూపించండి. మెయిల్‌లో ఒక్క మాట తేడాను పట్టుకున్నారంటే శ్రద్ధగా చదివే మనిషి. అప్లికేషన్ పంపేలోపు మీకు అలాంటివాళ్లు ఇంకొకరు దొరికితే ఇంకా మంచిది.